అత్తయ్య ఇచ్చిన పెనం: 43 రోజుల నా అనుభవం

ఒక ఆదివారం పొద్దున కూర్చుంటే సాయంత్రానికి తేలిపోతుందనుకున్న పని ఇది. నవంబర్ 2న మొదలుపెట్టాను, డిసెంబర్ 14న అయింది. ఇందులో నా చేతులు నిజంగా కదిలింది మహా అయితే పదహారు, పదిహేడు గంటలు. మిగతాదంతా బకెట్టు చుట్టూ తిరుగుతూ ఎదురుచూడటమే. పాత పోత ఇనుప పెనం ఒకటి ఇంట్లో పడి ఉండి, దాన్ని బాగుచేసుకుందామా వద్దా అని ఊగుతున్నవాళ్ళ కోసం, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను చేసిన వెర్రి పనులతో సహా.

అత్తయ్య వాళ్ళు ఇల్లు మారుతూ అటక మీద సామానంతా దింపారు. ఒక సంచిలో అడుగున రెండు నల్లటి ముద్దలు కనిపించాయి. ఒకటి పొడుగు పిడి ఉన్న పెనం, రెండోది రెండు చెవుల చిన్న బాణలి. "పాత ఇనుముకి వేసేద్దామనుకుంటున్నా. నీకు కావాలంటే పట్టుకెళ్ళవే" అంది అత్తయ్య. రెండూ తెచ్చేసుకున్నాను. ఆ రోజు ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే నాకు చాలా శ్రమ తగ్గేది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇంటికి రాగానే కాటా మీద పెట్టి చూశాను. పెనం 3 కిలోల 140 గ్రాములు, బాణలి 2 కిలోల 460. ఎందుకు తూచానంటే ప్రత్యేకించి కారణమేమీ లేదు, కాటా ఎదురుగా ఉంది కాబట్టి. కానీ చివర్లో ఆ అంకె పనికొచ్చింది. వేణ్ణీళ్ళు, సబ్బు, స్టీలు పీచు పెట్టి రెండు గంటలు తోమాను. నీళ్ళు నల్లగా పోతూనే ఉన్నాయి, పెనం మాత్రం మొదట ఎలా ఉందో అలాగే ఉంది. పక్క గోడల మీద మాడి గట్టిపడిన జిడ్డు వేలిగోరంత మందంగా పేరుకుని ఉంది. పాత కత్తి మొనతో గీకితే చిన్న పెచ్చు ఒకటి లేచింది, దాంతోపాటు లోపల ఇనుము మీద తెల్లటి గీత కూడా పడింది. ఆ గీత ఇప్పటికీ ఉంది. అక్కడితో ఆపేశాను.

రాత్రి ఫోన్‌లో ఇవన్నీ చెబుతుంటే అత్తయ్య మధ్యలో ఒక మాట అంది: "మీ మామయ్య చేపల గాలాలు కట్టుకునే రోజుల్లో ఆ చిన్నదాంట్లో ఏదో కరిగించేవారు. మైనమో, ఏమో." నాకు నిద్ర పట్టలేదు. గాలానికి కట్టే బరువులు సీసంతో పోస్తారు. పాత ఇనుప గిన్నెల్లో సీసం కరిగించడం చాలాచోట్ల జరిగేదే. అలాంటి గిన్నెని ఎంత కడిగినా ఇక వంటకి వాడకూడదు. మర్నాడే సీసం ఉందో లేదో చూసే పుల్లల కిట్ ఆర్డర్ పెట్టాను. రావడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పటిదాకా రెండింటినీ పాత పేపర్లో చుట్టి వంటింటికి దూరంగా పెట్టాను.

కిట్ నవంబర్ 7న వచ్చింది. పుల్లని తడిపి లోహం మీద రుద్దాలి, సీసం ఉంటే కొస ఎర్రబడుతుంది. చెప్పినంత సులువు కాదది. జిడ్డు మీద రుద్దితే పుల్ల గోధుమ రంగులోకి తిరిగి, అది ఎరుపా, మురికా అని దీపం కింద పెట్టి పది నిమిషాలు చూడాల్సి వచ్చింది. పైగా ఆ పరీక్ష పైపొరనే చూస్తుంది. కింద ఏముందో దానికి తెలియదు. బాణలి లోపల అడుగున కొంచెం గీకి, ఇనుము కనిపించిన చోట రుద్దాను. ఎరుపు రాలేదు. మొత్తం శుభ్రమయ్యాక ఇంకోసారి చూద్దామని రెండు పుల్లలు దాచిపెట్టుకున్నాను. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఖర్చయింది ఈ పుల్లలకే. అయినా సరే, మళ్ళీ చేయాల్సి వస్తే మొదట కొనేది ఇవే.

ఈలోగా సలహాలు. తెలిసినాయన ఒకరు "నిప్పుల్లో పడేయమ్మా, పొద్దుటికి తెల్లగా వస్తుంది" అన్నారు. జిడ్డు కాలిపోయే మాట నిజమే. కానీ పోత ఇనుము పెళుసు. ఒకచోట ఎర్రగా కాలి ఇంకోచోట చల్లగా ఉంటే వంకర తిరుగుతుంది, లేదా పగులుతుంది. పగలకపోయినా, అతిగా కాలిన చోట ఇనుము ఎర్రమట్టి రంగుకి తిరిగిపోయి తర్వాత నూనె పొర సరిగ్గా పట్టదు. ఇంకొకరు కరెంటు పద్ధతి చెప్పారు. వాషింగ్ సోడా కలిపిన నీళ్ళలో పెనాన్ని వేలాడదీసి, బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ తీగ పెనానికి, పాజిటివ్ తీగ ఇంకో ఇనుప ముక్కకి తగిలిస్తే తుప్పు, జిడ్డు రెండూ వదులుతాయి. ఆ రెండో ముక్క స్టెయిన్‌లెస్ స్టీలు అయితే మాత్రం నీళ్ళలోకి విషపు క్రోమియం దిగుతుంది. దానికి తోడు హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట చేయాలి. మంచి పద్ధతే, చాలామంది అదే చేస్తారు. నాకు మాత్రం నీళ్ళూ కరెంటూ ఒకే వాక్యంలో వినగానే ధైర్యం చాలలేదు.

చివరికి కాస్టిక్ సోడాకి వచ్చాను. జిడ్డు అంటున్నాం గానీ, అది వేడికి గట్టిపడిన నూనె. కాస్టిక్ సోడా ఆ నూనెని సబ్బులా మార్చి కరిగిస్తుంది. ఇనుముని ముట్టుకోదు. ఎన్ని రోజులు ఉంచినా పెనానికి ఏమీ కాదన్నది నాకు బాగా నచ్చిన విషయం, ఎందుకంటే నేను మర్చిపోయే రకం. అయితే అది తుప్పుని తీయదు. తుప్పు సంగతి తర్వాత విడిగా చూసుకోవాలి.

నవంబర్ 8, శనివారం. మూత ఉన్న 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు, 15 లీటర్ల నీళ్ళు, 400 గ్రాముల కాస్టిక్ సోడా. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, కళ్ళకి మూసుకుపోయే అద్దాలు, పాత ఫుల్‌చేతుల చొక్కా. ఎప్పుడూ నీళ్ళలోకే సోడా వేయాలి. సోడా మీద నీళ్ళు పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కొంచెం కొంచెం వేస్తూ కర్రతో కలుపుతుంటే చల్లటి నీళ్ళు వాటంతట అవే వెచ్చబడ్డాయి. బకెట్టు బయట చెయ్యి పెడితే తెలుస్తోంది. ముందే చదివినా, ఆ వెచ్చదనం తగిలినప్పుడు మాత్రం గుండె కొంచెం దడదడలాడింది. పెనాన్నీ బాణలినీ ఇనుప తీగకి కట్టి దించాను. అల్యూమినియం ఏదీ ఇందులో పడకూడదు. దాన్ని ఈ ద్రావణం తినేస్తుంది, హైడ్రోజన్ కూడా పుడుతుంది. మూత పెట్టి, మీద పెద్ద అక్షరాలతో "ముట్టుకోవద్దు, చర్మం కాలుతుంది" అని రాసి బాల్కనీలో మూలకి జరిపి, ఎదురుగా ఒక కుర్చీ అడ్డం పెట్టాను. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పని అసలు మొదలుపెట్టకపోవడమే మంచిదనిపించింది నాకు. మూతకి తాళం ఉండదు కదా.

మూడో రోజు తీసి చూశాను. నీళ్ళు చిక్కటి కషాయం రంగులో ఉన్నాయి. పెనం లోపలి భాగం చేత్తో రుద్దితేనే మెత్తగా బురదలా వచ్చేస్తోంది. ఆ సంతోషంలో గ్లౌజు పైన, మోచేతి దగ్గర ఒక చుక్క పడిందని గమనించలేదు. ముందు నొప్పి ఉండదు, జారుడుగా ఉంటుంది. సబ్బు అంటుకున్నట్టు. నిజానికి అది సబ్బే, నా చర్మంలోని కొవ్వుతో తయారవుతున్న సబ్బు. ఒకట్రెండు నిమిషాల తర్వాత మంట మొదలైంది. కుళాయి కింద పావుగంట పెట్టాను. చిన్న ఎర్రటి మచ్చ మిగిలింది, వారంలో పోయింది. అప్పటినుంచి చొక్కా చేతిని గ్లౌజు లోపలికి దూర్చి రబ్బరు బ్యాండు వేసుకునేదాన్ని.

లోపలి భాగం ఐదో రోజుకే శుభ్రమైంది. బయటి గోడలు, పిడి మొదలు మాత్రం ఒక పట్టాన వదల్లేదు. రోజూ మంట తగిలేది అక్కడే కదా, ముప్ఫై ఏళ్ళ మాడు అక్కడే కూర్చుంది. రాత్రిళ్ళు చలి పెరిగేకొద్దీ ద్రావణం నెమ్మదించింది. చల్లటి నీళ్ళలో ఈ పని దాదాపు ఆగిపోతుంది. పగలు బకెట్టుని ఎండలోకి జరపడం, సాయంత్రం లోపలికి జరపడం. ఇంట్లో అందరూ దాన్ని నా పెంపుడు జంతువు అనడం మొదలుపెట్టారు. ఒకరోజు విసుగొచ్చి మళ్ళీ కత్తి తీశాను, వెంటనే పాత గీత గుర్తొచ్చి పెట్టేశాను.

నవంబర్ 20, గురువారం సాయంత్రం, పన్నెండు రోజులకి ఆఖరి పెచ్చు ఊడింది. గచ్చు మీద పడ్డ ఆ పెచ్చు చెట్టు బెరడులా ఉంది. మాడు కింద ఏముందో మొదటిసారి అప్పుడే చూశాను: బూడిద రంగు ఇనుము, నున్నగా, అద్దం కాదుగానీ మొహం నీడలా కనిపించేంత నునుపు. ఇప్పుడొచ్చే చాలా పెనాలు ఇసుక అచ్చులోంచి తీసినట్టే గరుగ్గా ఉంటాయి, పాతవాటిలో కొన్నిటిని పోత పోశాక లోపల చెక్కి నునుపు చేసేవారు. ఇది అలాంటిది. అడుగున 8 అనే అంకె కూడా ఉంది. కాటా మీద పెడితే 2 కిలోల 870 గ్రాములు. అంటే మేము ఇన్నాళ్ళూ 270 గ్రాముల మసిని కూడా పెనంతోపాటే మోశామన్నమాట. దాచిన పుల్లలతో సీసం పరీక్ష మళ్ళీ చేశాను, రెండింటిలోనూ లేదు. ఆ పూట నా సంతోషం ఇంతా అంతా కాదు.

తర్వాత బాణలిని నిదానంగా తిప్పి చూశాను. అడుగు నుంచి చెవి వైపు వెంట్రుక మందాన ఒక నల్లటి గీత. గోరు పెట్టి చూస్తే తగులుతోంది. గీతేమో, లోపల ఇరుక్కున్న జిడ్డేమో అని బ్రష్షు పెట్టి తోమాను. తిప్పి చూస్తే అదే గీత బయటా ఉంది. కొంచెం నీళ్ళు పోసి పేపర్ మీద పెట్టాను. రెండు నిమిషాలకి పేపర్ మీద తడి మచ్చ.

చెక్క గరిటెతో పెనాన్ని వేలాడదీసి కొడితే గుడిగంటలా ఖంగుమని మోగింది. బాణలిని కొడితే డబ్ అని, మట్టికుండ పగిలితే వచ్చే చప్పుడు. పోత ఇనుములో బీట ఉందో లేదో తెలుసుకునే పద్ధతి ఇంతే, అర నిమిషం పని. నేనది పన్నెండు రోజుల తర్వాత చేశాను. నిజం చెప్పొద్దూ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాణలి కోసం కాదు, ఎండలోకీ నీడలోకీ జరిపిన ఆ బకెట్టు కోసం.

మర్నాడు భయం భయంగా అత్తయ్యకి ఫోన్ చేశాను. నేనే పగలగొట్టాననుకుంటుందేమోనని మాటలు కూర్చుకుని చెబుతుంటే మధ్యలోనే అంది, "అది పగిలిందేగా! అడుగునుంచి నూనె కారుతుంటేనే కదా అటకెక్కించింది. నీకు చెప్పలేదూ?" చెప్పలేదు అత్తయ్యా. నేనూ అడగలేదు. పాత సామాను ఎవరైనా ఇస్తే, దీన్ని ఎందుకు వాడటం మానేశారని అడగండి. అంత చిన్న ప్రశ్న అది.

అతికించొచ్చా అని వెల్డింగ్ పని చేసే ఒకాయన్ని అడిగాను. పోత ఇనుముకి మొత్తం వేడెక్కించి, నికెల్ కడ్డీతో చేయాలని, చేసినా మంట మీద పెట్టే గిన్నె కాబట్టి పక్కన ఇంకోచోట విడదని తాను మాటివ్వలేనని చెప్పాడు. ఆయన అలా చెప్పడం నాకు నచ్చింది. బాణలిలో ఇప్పుడు బట్టల క్లిప్పులు ఉన్నాయి.

పెనం దగ్గరికి వస్తే, కడిగి తుడిచిన పది నిమిషాల్లో దాని మీద నారింజ రంగు పొడి లేచింది. చూస్తుండగానే. పొర లేని ఇనుముకి కొంచెం తడి, గాలి చాలు. తుడిస్తే పోతుంది, మళ్ళీ వస్తుంది. తర్వాత తెలిసిన చిట్కా ఏంటంటే, ఏ కారణం చేతైనా పని వాయిదా వేయాల్సి వస్తే పెనాన్ని మళ్ళీ ఆ కాస్టిక్ బకెట్టులోనే పూర్తిగా మునిగేలా ఉంచేయొచ్చు. అందులో ఉన్నంతసేపూ ఇనుము తుప్పు పట్టదు. ఆదివారం దాకా అక్కడే పెట్టాను.

పిడి చిల్లు చుట్టూ, అడుగున అంకె చుట్టూ మాత్రం పాత తుప్పు గట్టిగా ఉంది. దానికి వెనిగర్. నవంబర్ 23న మొదలుపెట్టాను. వెనిగర్, నీళ్ళు సగం సగం కలిపి, అరగంట నానబెట్టి, తీసి స్టీలు పీచుతో తోమి, చూసి, అవసరమైతే మళ్ళీ అరగంట. కాస్టిక్ సోడాలా కాదు ఇది, తుప్పు అయిపోయాక ఇనుమునే తినడం మొదలుపెడుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే రెండు తప్పులు చేశాను. పెనం మొత్తం మునగాలంటే ఎన్నో సీసాల వెనిగర్ కావాలని లెక్క చూసి, పొదుపు కదా అని నిలబెట్టి సగం మునిగేలా పోశాను, తర్వాత తిప్పి రెండో సగం చేద్దామని. మొదటి రెండు అరగంటలూ బాగానే గడిచాయి. మూడోసారి పెట్టాక ఒక ఫోన్, ఆ వెంటనే ఇంకో పని, తర్వాత భోజనం. గుర్తొచ్చేసరికి ఐదు గంటలు.

పరుగెత్తుకెళ్ళి తీస్తే మునిగిన సగం ముదురు బూడిద రంగులో మచ్చలు మచ్చలుగా ఉంది. చేత్తో ముట్టుకుంటే నల్లటి పొడి అంటుతోంది. ఇనుము కొంత కరిగిపోయి, అందులోని కార్బన్ మిగిలింది. నీటి మట్టం ఉన్న చోట పెనానికి అడ్డంగా ఒక గీత. ఆ అద్దంలాంటి నునుపు ఒక సగంలో పోయింది. వంటకి ఇబ్బందేమీ లేదు, చూపుకే. కానీ పన్నెండు రోజులు ఆగిన మనిషిని ఐదు గంటలకి మోసపోయాను. ఫోన్‌లో అలారం పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

వంట సోడా కలిపిన నీళ్ళతో కడిగి, చల్లటి నీళ్ళతో తొలిచి, వెంటనే తుడిచి స్టవ్ మీద సన్నటి మంటలో ఆరబెట్టాను. చల్లారుతుండగా పల్చగా నూనె రాశాను, తుప్పు రాకుండా. ఆ రాత్రే సీజనింగ్, అంటే పల్చగా నూనె రాసి వేడికి గట్టి పొరగా మార్చే పని, మొదలుపెడదామని ఓవెన్ తలుపు తెరిచాను. పెనం గుండ్రం కొలత ముందే చూసుకున్నాను, సరిపోతుంది. పిడి సంగతి ఎవరు చూశారు? ఏ మూల నుంచి పెట్టినా తలుపు నాలుగు వేళ్ళ సందున ఆగిపోయింది. వంకరగా, నిలువుగా, తలకిందులుగా పెట్టి చూశాను. మా ఆయన పక్కన నిలబడి ఏమీ అనకుండా చూస్తున్నారు, ఏమైనా అని ఉంటే నయమనిపించింది.

స్టవ్ మీద చేయొచ్చు. కానీ మంట తగిలిన మధ్యభాగం ఒకలా, అంచులు ఇంకోలా కాలతాయి, పిడికి అసలు వేడే అందదు. ఆఫీసులో స్నేహితురాలికి పెద్ద ఓవెన్ ఉంది. అడగడానికి మొహమాటపడితే, "దానికేముంది, ఆదివారం వచ్చేయ్" అంది. వాళ్ళింట్లో రెండు చిన్న పిట్టలున్నాయని అక్కడికి వెళ్ళాక తెలిసింది. నూనె పొగ పిట్టలకి మంచిది కాదు, వాటి ఊపిరితిత్తులు చాలా సున్నితం. పంజరాన్ని చివరి గదిలో పెట్టి తలుపు మూసి, వంటింటి కిటికీలన్నీ తెరిచాం.

నవంబర్ 30, మొదటి ప్రయత్నం. అవిసె నూనె అన్నిటికంటే గట్టి పొర ఇస్తుందని ఎక్కడో చదివి ఒక సీసా కొన్నాను. నూనె పల్చగా రాయాలని కూడా చదివాను. కానీ ఇంత కష్టపడ్డ పెనానికి ఆ మాత్రం నూనె పెట్టకపోతే ఎలా అనిపించింది. తళతళలాడేలా రాసి, 230 డిగ్రీల్లో గంట పెట్టాం. తీశాక చూస్తే లోపల గోధుమ రంగు మరకలు, అంచుల్లో గడ్డకట్టిన చుక్కలు, వేలు పెడితే జిగురు. బోర్లించకుండా పెట్టాను కాబట్టి నూనె అంతా అడుగున మడుగు కట్టింది. ఇంకో గంట పెడితే జిగురు తగ్గింది, మరకలు అలాగే గట్టిపడ్డాయి. తప్పు నూనెది కాదు, నా చేతిది. అవిసె పొర గట్టిగా కనిపించినా కొన్నాళ్ళకి పెచ్చులుగా లేస్తుందని చాలామంది చెబుతారు, నేను అంతదాకా రానివ్వలేదు. ఇంటికొచ్చి, మళ్ళీ బకెట్టులో పడేశాను. కొత్త పొర కదా, రెండు రోజుల్లో పూర్తిగా పోయింది. బకెట్టు పారబోయకుండా ఉంచినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను.

డిసెంబర్ 7, రెండో ప్రయత్నం. ఈసారి మామూలు రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె. ముందు ఖాళీ పెనాన్ని 100 డిగ్రీల్లో పావుగంట పెట్టి పూర్తిగా ఆరనిచ్చాను. వేడిగా ఉండగానే అర చెంచా నూనె లోపల, బయట, పిడికి, చిల్లులోకి కూడా రాశాను. తర్వాత పొడి గుడ్డతో తుడిచాను. తర్వాత ఇంకో పొడి గుడ్డతో, అసలు నూనె రాయడమే పొరపాటన్నట్టు, మొత్తం తీసేయాలన్నట్టు తుడిచాను. కంటికి ఏమీ లేదనిపిస్తుంది. ఆ ఏమీ లేదనిపించేదే పొర. పేపర్ నాప్‌కిన్లు వాడితే వెనిగర్ తిన్న గరుకు భాగం మీద చిరిగి పీచులు అంటుకున్నాయి, పాత నూలు బనీను ముక్కే నయం. నూనె అంటిన ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, ముఖ్యంగా అవిసె నూనెవి. వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్ళలో తడిపి, విడదీసి ఆరేసి పారేయాలి.

బోర్లించి, 230 డిగ్రీల్లో గంట. ఓవెన్ ఆపేసి, తలుపు తీయకుండా చల్లారనివ్వడానికి ఇంకో గంటన్నర. మొదటి పొర తీసినప్పుడు రాగి రంగులో ఉంది, నల్లగా వస్తుందనుకున్న నేను కంగారుపడ్డాను. రెండోదానికి ఇటుక రంగు, మూడోదానికి ముదురు గోధుమ. చేత్తో ముట్టుకుంటే పొడిగా, నున్నగా. ఒక రోజులో మూడు పొరలకి పొద్దున తొమ్మిదికి వెళ్ళి రాత్రి ఎనిమిదికి బయటపడ్డాం. డిసెంబర్ 14న ఇంకో మూడు. ఆరో పొరకి నలుపుకి దగ్గరపడింది. వెనిగర్ గీత ఇప్పుడు వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటేనే కనిపిస్తుంది. నాకు మాత్రం ఎటు పట్టుకున్నా కనిపిస్తుంది.

ఖర్చు సంగతి అడుగుతారు కాబట్టి: సీసం పుల్లలు, గ్లౌజులు, అద్దాలు, సోడా, వెనిగర్, పనికిరాకుండా పోయిన అవిసె నూనె అన్నీ కలిపితే ఇంచుమించు ఒక కొత్త పెనం వచ్చేది. స్నేహితురాలి కరెంటు బిల్లు అందులో కలపలేదు, ఆమె చెప్పనివ్వలేదు. డబ్బు మిగులుతుందని చేసే పని కాదిది. రెండో పెనానికైతే సీసం పుల్లలు, సోడా తప్ప పెద్దగా ఏమీ కొనక్కర్లేదు.

డిసెంబర్ 15 పొద్దున మొదటి గుడ్డు వేశాను. అంటుకుపోయింది. ఇన్ని రోజుల తర్వాత గరిటెతో గుడ్డుని గీకుతూ నిలబడటం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మొదట టెన్షన్ పడ్డాను గానీ, తప్పు పొరది కాదు. పెద్ద మంట మీద నిమిషంలో వేడెక్కించి వేసేశాను. పోత ఇనుము వేడిని మెల్లగా పంచుకుంటుంది. సన్నటి మంట మీద ఐదారు నిమిషాలు ఓపిక పట్టి, అప్పుడు నూనె వేస్తే మూడోరోజుకి గుడ్డు దానంతట అదే కదిలింది. మొదటి రెండు వారాలూ టమాటా, నిమ్మరసం లాంటి పులుపు జోలికి పోలేదు, కొత్త పొరని పులుపు తినేస్తుంది. కొంచెం గిన్నెల సబ్బుతో కడుగుతున్నాను, ఏమీ కాలేదు. సబ్బు తగిలితే పొర పోతుందన్న మాట సబ్బులో కాస్టిక్ మిగిలి ఉండే రోజులది. కడగ్గానే స్టవ్ మీద ఆరబెట్టడం మాత్రం మానడం లేదు. ఒక్కసారి తడిగా వదిలేస్తే అంచు మీద ఆవగింజంత తుప్పు చుక్క కనిపించింది, నూనె గుడ్డతో రుద్దితే పోయింది.

అత్తయ్య పోయిన వారం వచ్చి పెనాన్ని తిప్పి తిప్పి చూసింది. అడుగున 8 మీద వేలు పెట్టి, "ఇది ఎప్పుడు వేయించావే?" అంది. ముప్ఫై ఏళ్ళు వండిన మనిషి ఆ అంకెని ఎప్పుడూ చూడలేదు.

కాస్టిక్ బకెట్టు ఇంకా బాల్కనీలోనే ఉంది. నీళ్ళు నల్లగా ఉన్నా ఇంకా పనిచేస్తుంది. నిన్న సాయంత్రం స్నేహితురాలు వాళ్ళ అమ్మగారి పాత పెనం ఒకటి పట్టుకొచ్చి, నేరుగా బకెట్టు మూత తీయబోయింది. ఆగమన్నాను. ఎందుకు వాడటం మానేశారని వాళ్ళ అమ్మకి ఫోన్ చేయించి అడిగాను. పిడి కాలుతోందని అట. తర్వాత చెక్క గరిటె తీసి, పెనాన్ని వేలాడదీసి ఒక్కటి కొట్టాను. ఖంగుమంది.